కొత్త మిక్సీ

రాబర్ట్‌సన్‌పేటలో మిక్సీలు అమ్మి, రిపేరు కూడా చేసే అంగట్లో సొన్నమ్మ తన పాత మిక్సీని బల్లమీద పెట్టింది. ఒకప్పుడు కోలారు బంగారు గనిలో పనిచేసిన ఆమె భర్తకు గొంతు క్యాన్సర్. నున్నగా రుబ్బిన గంజి తప్ప ఏదీ దిగదు. మెకానిక్ మిక్సీని విప్పి చూశాడు.

“కాయిల్ కాలిపొయ్యిందమ్మా. కట్టిస్తే ఆరేడు నెల్లు వస్తాది. ఆమీద చెప్పలేను.”

“అది చాలప్పా. డాక్టరు ఆయనకి పెట్టిన గడువూ అంతే.”

మెకానిక్ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

“అన్నకి తెలుసునా?”

“తెలీదు. రిపేరొద్దు, కొత్తదే తీసుకురా, ఇంగా శానా దినాలు వాడాల గదా అని ఆయనే చెప్పి పంపినాడు.”

ఆమె కొంగును నోటికి అడ్డం పెట్టుకుంది.

“అయితే ఏం చేయమంటావమ్మా?”

“పాతది తీసుకుపోతే ఎందుకని అడుగుతాడు. కొత్తదే ఇయ్యప్పా. గ్యారంటీ ఎన్నేండ్లో నువ్వే వచ్చి ఆయనకి చెప్పు. నాకు నోరు రాదు.”