వీపు రుద్దితే పోయిన గీతలు

నా పేరు కోగా కియోమి. వయసు అరవై ఒకటి. మా ఊరి వేడినీళ్ల స్నానాల ఇల్లు నడుపుతాను.

నిన్న పొద్దుటి నుంచి సన్నని వాన. తేయాకు తోటల్లో పని ఆపేసి మగవాళ్లు పెందలాడే స్నానానికి వచ్చారు. డబ్బులు తీసుకుంటూ నేను కూర్చునే చోటి నుంచి మగవాళ్ల వైపు కూడా కనిపిస్తుంది.

అయిదింటికి తాషిరో తోకుజో, ఎజిమా మసూవో వచ్చారు. ఇద్దరూ తేయాకు రైతులు, చిన్ననాటి స్నేహితులు. తొట్టిలో దిగేముందు ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటారు. తోకుజో పొట్ట చుట్టూ ఊదారంగు గీతలున్నాయి.

"మనవరాలు గీసిందేంట్రా? ఈ దారి ఎక్కడికి పోతుంది?" అన్నాడు ఎజిమా.

"నీ ఇంటికే. రుద్దు ముందు."

ఎజిమా అతని వీపు రుద్ది, పక్కలకూ పొట్టకూ వచ్చాడు. గట్టిగా రుద్దాడు. తోకుజో చేయి అడ్డం పెట్టబోయి మానేశాడు. గీతలు పోయాయి.

అప్పుడే తోకుజో కొడుకు యసునోరి తండ్రిని తీసుకెళ్లడానికి వచ్చాడు. పొట్ట మీద గీతలు లేకపోవడం చూసి, ఎజిమాను తోశాడు. ఎజిమా రాతిపలకల మీద పడ్డాడు. మణికట్టు విరిగింది.

"ఏం చేశావు బాబాయ్? నాన్నకి పిత్తనాళంలో కేన్సర్. కోయడానికి వీల్లేదన్నారు. కార్బన్ కణాల కిరణం పెడుతున్నారు. ఆ గీతలు చూసే కిరణం కింద సరిగ్గా పడుకోబెడతారు. పక్కనే పేగుంది, వెంట్రుకవాసి తేడా రాకూడదు."

ఎజిమా కిందే కూర్చుని తోకుజో వైపు చూశాడు. "నాకు చెప్పలేదేంరా?"

"చెబితే వీపు రుద్దడం మానేస్తావని."

ఆసుపత్రికి నేనే ఫోన్ చేశాను. రేపు మామూలు వేళకే తీసుకురండి, ఎక్స్‌రే తీసి గీతలు మళ్లీ గీస్తాం, ఒక్కరోజు కూడా మానొద్దు అన్నారు. రోజూ కారులో తీసుకెళ్లేది యసునోరే. ఇంతలో ఎవరో పిలిస్తే పోలీసులు మీరు వచ్చి అతన్ని స్టేషన్‌కు తీసుకెళ్లారు.

ఎజిమా తనే జారిపడ్డానని మీతో చెప్పాడట. నేనూ అలా చెబితే యసునోరిని వదిలేస్తారని తెలుసు. కానీ తోశాడు. రెండు చేతులతో, ఒక్కసారే. కొట్టలేదు. నేను చూసింది అది.

మీరు రాసుకున్న ఈ వాంగ్మూలం నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, అబద్ధమేమీ లేదు. నా పేరు రాసి ముద్ర వేశాను.

ముద్ర వేశాక ఒక మాట చేర్చమన్నాను. ఈ ఉదయం ఏడు పదికి తోకుజో, చేతికి కట్టుతో ఎజిమా, పట్నం బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లారు.