బుల్లయ్య పొన్నంకి పిట్ట

పానకాల స్వామి మనందర్నీ చల్లగా చూడాలి! కార్గిల్ యుద్ధమైన ఏడు, దసరాల్లో, అద్దంకిలో జక్రయ్య టీ బంకు దగ్గర జరిగిందీ ముచ్చట. పొన్నంకి పిట్టను వెతుక్కుంటూ గుంటూరు బ్రాడీపేట నుంచి లక్ష్మీకాంత్ మాస్టారు టేపురికార్డరుతో వచ్చారు. తొమ్మిది రంగుల అడవిపిట్ట అది. దక్షిణాదికి పోతూ మన తోపుల్లో రెండ్రోజులు ఆగి, పొద్దుగూకే వేళ రెండే రెండు ఈలలు వేస్తుంది. ఆ ఈల వినపడగానే మిరపచేలో కలుపు తీస్తున్న బుల్లయ్య భార్య రాజ్యం నడుం ఎత్తి, "ఇక ఇంటికి పోదాం పదయ్యా" అనేది. ఆమె పోయి మూడేళ్లు. పిట్టా మళ్లీ రాలేదు.

ఆ సంగతి బుల్లయ్య ఎవరితోనూ అనడు. కోతలు మాత్రం కోస్తాడు.

"పొన్నంకిని కంటితో వెతికితే దొరకదు మాస్టారూ, చెవితో పట్టాలి. స్వామి మీద ఒట్టు, ఇక్కడ కూర్చునే, కొండవీటి కొండమీద కూసే పిట్ట ఆడదో మగదో చెప్పేశా."

"కొండవీడెక్కడ, అద్దంకెక్కడ!" అన్నాడు మేనల్లుడి వరసైన చెంచయ్య.

"ఇనరా! నేను తిరిగి ఈలేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎగురుకుంటూ వచ్చి నా తలపాగా మీద వాలింది. చెమటకి తడిసుందేమో, తొమ్మిది రంగులూ దానికంటుకున్నాయి, స్వామి మీద ఒట్టు. మంగళగిరి నేతగాళ్లు అది చూసే చీర నేశారు. అంతటితో అయిందా? ఆ తలపాగా పత్తిచేలో దులిపితే, తెల్లారేసరికి ఎకరం పత్తీ తొమ్మిది రంగుల్లో పగిలింది! అద్దకం వాళ్లొచ్చి, మా పొట్ట కొట్టకు బుల్లయ్యా అని కాళ్లమీద పడ్డారు."

"ఆ స్వామి కూడా పానకం సగమే పుచ్చుకుని సగం వదిలేస్తాడు మామా. నువ్వు బిందెడూ మాచేతే తాగిస్తున్నావు," అన్నాడు చెంచయ్య.

అందరూ నవ్వారు. మాస్టారు టేపురికార్డరు బల్లమీద పెట్టారు. "నాకూ దొరికిందండీ. నిన్న సాయంత్రం వాగు పక్క మామిడితోపులో పొద కింద దీన్ని వదిలి వచ్చాను. పొద్దున తెచ్చి టేపు వేసి, ఈల వినపడగానే ఆపేశాను, మిగతాది మీ అందరితో కలిసి విందామని."

మీట నొక్కారు. వ్వీ... ట్యూ. శుభ్రంగా రెండు ఈలలు. బుల్లయ్య మొహం పాలిపోయింది. ఆ వెంటనే ఖళ్లు ఖళ్లుమని దగ్గు.

"మాస్టారూ, మీ పొన్నంకి బీడీలు తాగుతుందండీ!" అన్నాడు చెంచయ్య. బంకంతా గొల్లుమంది. "పొద్దుగూకితే తోపుకెళ్లేది ఇందుకా మామా? ఎందుకయ్యా నీకా ఈలలు?"

"పిలిస్తే వస్తుందేమోనని," అన్నాడు బుల్లయ్య, టీ గ్లాసులోకి చూస్తూ.

మాస్టారు నొచ్చుకుని టేపు ఆపబోతే బుల్లయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండండి."

జక్రయ్య స్టవ్వు ఆపేశాడు. టేపు గరగరలో, దగ్గు అణిగాక, వాగు అవతల నుంచి, ఎంతో దూరంగా, వ్వీ... ట్యూ.

"అదేనా మామా?" చెంచయ్య గొంతు తగ్గింది.

"అదే. నా దగ్గులో నాకే వినపళ్లా."

ఒట్టు పెట్టలేదు బుల్లయ్య. తలపాగా సర్దుకుని, నడుం ఎత్తి లేచి, టీ సగం వదిలేసి ఇంటిదారి పట్టాడు.