మలుపు దగ్గర చప్పుడు

భర్త ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో టీ మరుగుతోంది.

“ఆహా! కొత్త కారు కొన్నాక నాకీ భాగ్యం ఇవాళే.”

“పాత కారు మలుపు తిరిగితే వీధంతా వినపడేది, గిన్నె పొయ్యి మీద పెట్టేదాన్ని. ఇదేమో పిల్లిలా వస్తుంది. మీరు వెనక నిలబడి దగ్గితే నా గుండె ఆగినంత పనవుతోంది.”

“పెట్రోలూ బ్యాటరీ రెండూ ఉన్న బండి కదా, బ్యాటరీ మీద నడిస్తే అంతే మరి.”

“మరి ఇవాళ ఇంజన్ మోగిందేం? రాత్రంతా ప్లగ్గు పెట్టానే!”

“చార్జింగ్ ఇంకా సగం ఉంది. మలుపు దగ్గర నేనే పెట్రోలుకి మార్చాను.”

“చార్జింగ్ ఉండగా పెట్రోలు తగలేశారా? ఎందుకట?”

“నీకు వినపడాలని.”

“ఫోన్ చేస్తే సరిపోయేదిగా?”

“చేస్తే, వచ్చి టీ మీరే పెట్టుకోండి అంటావు.”

“అంటాను. మరి వచ్చే ఏడు దీన్ని మార్చి, అచ్చంగా బ్యాటరీతోనే నడిచే బండి కొందామన్నారుగా? దానికి ఇంజనే ఉండదు.”

“అందుకే ఆ ఆలోచన మానేశా. ఇంకో పదేళ్లు దీన్నే నడుపుదాం.”

“బ్యాటరీ అన్నాళ్లు ఉంటుందా?”

“పోతే పోనీ. నీకు వినపడ్డానికి ఇంజన్ ఉంటుందిగా!”

ఆమె గ్లాసు అతని చేతిలో పెట్టింది.

“ఇంజన్ సరే, అందాకా నా చెవులుండొద్దూ!”