పులుసు తాతకు, ముక్కలు మనవరాలికి

1989 మార్చి 1న యోగ్యకర్త నగరంలోని మన పోషకాహార పరిశోధన కేంద్రంలో సహాయ విశ్లేషకురాలిగా అడుగుపెట్టిన డాక్టర్ ముర్నియాతి గారు నేడు ప్రయోగశాల అధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. వారి పక్క బల్ల వద్ద పనిచేసే భాగ్యమూ, తరచు వారిచేత చీవాట్లు తినే భాగ్యమూ నాకు దక్కాయి.

తొలినాళ్లలో మనమంతా ఆహారంలోని మాంసకృత్తుల మొత్తాన్ని కొలిచి తృప్తిపడేవాళ్లం. "ఎంత తిన్నారో కాదండీ, ఎంత ఒంటబట్టిందో చెప్పండి!" అని పట్టుబట్టి, శాకాహారంలో ఏ అమైనో ఆమ్లం కొరవడుతోందో, తిన్నదానిలో ఎంత జీర్ణమవుతోందో పరీక్షించే విధానాన్ని వారే ఇక్కడ స్థిరపరిచారు. కర్రపెండలంతో కడుపు నింపుకునే గునుంగ్ కిదుల్ కొండల పిల్లల పళ్లేల్లోకి, ఆకుల్లో పులియబెట్టిన సోయా టెంపే చేరాలన్నది వారి జీవితాశయమైంది.

ఒకసారి మేమిద్దరం అక్కడొక ఇంటికి వెళ్లేసరికి తుకియెమ్ అవ్వ, మూడేళ్లు నిండినా ఎదుగుదల లేని మనవరాలికి టెంపే కూర పులుసు మాత్రమే పోసి, ముక్కలన్నీ భర్త పైమిన్ తాతకు వడ్డించింది.

"సారమంతా పులుసులోకే దిగింది తల్లీ. పసిదానికి అదే బలం," అంది అవ్వ డాక్టరమ్మతో.

మన ఇళ్లన్నింటా జరిగే పొరపాటే అది; మాంసకృత్తులు ఉండేది ముక్కల్లోనే. నేనైతే ఉపన్యాసం అందుకునేవాణ్ణి. వారు చప్పున పళ్లేలు మార్చేశారు.

"పొలం దున్నేది మీరు కదా తాతా! ఆ బలమంతా మీరే తాగండి. పిప్పి పిల్లకి పడేద్దాం."

"ఓరి నాయనో, డాక్టరమ్మ నా నోటికాడ కూడు లాగేసిందే!" అని తాత లబలబలాడాడు.

"రోజూ దాని నోటికాడిది నువ్వు తిన్లేదూ?" అని అవ్వ పకపకా నవ్వింది. ముక్కలు పిల్లకే దక్కాయి.

అనంతరం బడి భోజనంలో టెంపే చేరిందంటే అది కేవలం వారి పట్టుదల ఫలితం. గత నెల, వండటం సులువని టెంపే తీసేసి గోధుమ నూడుల్స్ పెట్టే ప్రతిపాదన మన కేంద్రం ఆమోదానికి వచ్చింది. కాగితం మీద మాంసకృత్తుల మొత్తం సరిపోయింది గానీ, పిల్లల ఎదుగుదలకు అత్యవసరమైన లైసిన్ అనే అమైనో ఆమ్లం కావలసినదాంట్లో సగమైనా లేదు.

"ఎలాగూ వెళ్లిపోతున్నారు కదమ్మా, ఒక్క సంతకం పడేసి పోండి," అన్నాడు ఆ కాగితం తెచ్చిన అధికారి.

"వెళ్లేది నేను నాయనా. పిల్లలు ఇక్కడే ఉంటారు," అని వారు కాగితం వెనక్కి తోసేశారు.

సోమవారం వారి బాధ్యతలు నేను స్వీకరించగానే ఆ కాగితం నా బల్ల మీదికి వస్తుంది. ముర్నియాతి గారూ, నేను సంతకం పెట్టను. మీరు సంపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం వర్ధిల్లి, ఏ బడికైనా భోజనవేళ చెప్పాపెట్టకుండా వచ్చి, పిల్లల పళ్లేల్లోకి తొంగి చూస్తూనే ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.