నీడ మడతపెట్టించిన సారు

మాసయ్య అడగాలనుకున్నది ఒక్కటే మాట. దానికి జవాబు కూడా ఒక్కటే మాట, నడుస్తదనో నడువదనో. ఆ ఒక్క మాట కోసం చిక్కడపల్లిల పీరయ్య చాయ్ హోటల్ కాడ బల్ల మీద కూసోని అరగంటయింది. అశోక్‌నగర్ల కడుతున్న అపార్ట్‌మెంటు మూడో అంతస్తుల కలిపిపెట్టిన సిమెంటు మాలు గట్టిపడుతుంటది. తోటి మేస్త్రీ ఎల్లేష్ ఇప్పటికి నాలుగు తిట్లు తిట్టే ఉంటడు. చేతులకంటిన సిమెంటు ఎండి పెచ్చులు లేస్తున్నది, జవాబు చెప్పాల్సిన సారు ఇంకా గొంతు సవరించుకుంటనే ఉన్నడు.

సంగతేందంటే, పాలమూరు దిక్కు తాళ్లకుంటల మాసయ్యోళ్లకు రెండెకరాల పల్లి చేను ఉన్నది. పట్టా పెండ్లాం కురుమమ్మ పేరు మీద. ఇంకో ఇరవై దినాలైతే కాయ పీకుడే. ఇంతల భూమి కింద గ్యాస్ ఉన్నదని ఒక కంపెనీ వచ్చి ఊరి మీద పడ్డది. బోరు పొడిచే పెద్ద మిషను కురుమమ్మ చేన్లకెల్లే పోవాలంట. దానికి బాట కావాలె, బాటకు కాయితం, కాయితం మీద వేలిముద్ర. పొద్దుగాల నుంచి కంపెనోళ్లు ఆమె వాకిట్ల జీపు పెట్టుకొని కూసున్నరు. ఇయ్యనంటే నడుస్తదా, నడువదా? గిదీ మాసయ్య పరేషాన్.

అడగనీకె జగన్మోహన్ సారు తప్ప ఎవరున్నరు? బషీర్‌బాగ్ల ఆఫీసు పని ముప్పై ఏండ్లు చేసి రిటైరైన మనిషి, ఇల్లు గాంధీనగర్ల. తాళ్లకుంటల నాలుగెకరాలు కూడా ఉన్నది, సరిగ్గా కురుమమ్మ చేను ఎనుకనే. అదే కంపెనీని తన భూమిల కాలు పెట్టనియ్యలేదని సారు చిక్కడపల్లి అంతా చెప్పుకుంటడు. సాక్ష్యం పీరయ్య హోటల్ గోడకే ఉన్నది: తెల్లటి గడియారం, నడుమ నీలం మంట బొమ్మ, కింద కంపెనీ పేరు. సారే తెచ్చి పీరయ్యకు బహుమతిచ్చిండు.

"సారూ, బాట ఇయ్యనంటే నడుస్తదా?" అని మాసయ్య మళ్లొకసారి అడిగిండు.

"మంచిగడిగినవ్ మాసయ్యా. జర ఆ గడియారం దిక్కు చూడు. అది నా చేతికెట్ల వచ్చిందో చెప్తే నీ సవాలుకు జవాబు దాంట్లనే ఉంటది." సారు చాయ్ సాసర్ల పోసుకున్నడు. పీరయ్య మంట తగ్గించిండు. గ్రంథాలయంల గ్రూప్స్‌కు చదువుకునే శశాంక్ పుస్తకం చంకల పెట్టుకొని పోతపోత ఆగిండు. అందరికి తమాషా, మాసయ్యకు పానసంకటం.

"ఆ దినం నేను గట్టు మీద కూసోని పచ్చి పల్లికాయ ఒలుసుకొని తింటున్న, ఒక జీపు వచ్చింది, ఇద్దరు దిగిండ్రు, నల్లద్దాలు, మెడల బిళ్లలు, సార్ మీ భూమి జర చూసుకుంటం అన్నరు, కాయితమేది అన్న, ఆఫీసుల ఉన్నదన్నరు, అయితే మీరు గూడ పొయ్యి ఆఫీసులనే ఉండుండ్రి అన్న. అంతే! జీపు రివర్సుల పోయింది, ఊరి దాంక రివర్సులనే పోయింది, తిప్పుకోనీకె గూడ టైమియ్యలే."

మాసయ్యకు ఈ ముచ్చట నచ్చింది. కాయితం అడగాలె అన్నమాట. గిదేదో పనికొచ్చేటట్టే ఉన్నదని ముందుకు జరిగి కూసున్నడు.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

ఇంతల మాసయ్య జేబుల ఫోను మోగింది. కురుమమ్మ.

"ఏందయ్యా, అడిగినవా? వీళ్లు చాయ్ తాగిండ్రు, నీళ్లు తాగిండ్రు, లేస్తలేరు."

"అడిగిననే. సారు చెప్తున్నడు."

"ఏం చెప్తున్నడు?"

"జీపును రివర్సుల పంపిండంట."

"మనింటి ముందటి జీపును గూడ జర పంపుమను," అని కురుమమ్మ ఫోను పెట్టేసింది.

సారుకు ఇవేవీ పట్టలేదు. "తెల్లారి చూస్తే నలభై బండ్లు! లారీలు, క్రేన్లు, ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దాఫీసరు, ఆయనకు గొడుగు పట్టెటోడొకడు, గొడుగు పట్టెటోనికి గొడుగు పట్టెటోడు ఇంకొకడు."

"అంకుల్," అన్నడు శశాంక్, "భూమి కింద ఉన్న ఖనిజం సర్కారుదే కదా? పుస్తకంల గట్లనే ఉన్నది."

"సర్కారుదే! ఎవరు కాదన్నరు? నేను గూడ గదే అన్న. అయ్యా, కిందున్న సరుకు మీది, పైనున్న మన్ను నాది. మీ సరుకు మీరు ఖుషీగ తీస్కపోండ్రి, నా మన్నుకు మాత్రం మీ చెయ్యి తాకొద్దు, కాలు తాకొద్దు, టైరు తాకొద్దు. ఆఫీసరు నెత్తి పట్టుకున్నడు. నేను బస్తా సున్నం తెచ్చి నాలుగెకరాల చుట్టు గీత గీసిన. ఆ గీత దాటనీకె ఒక్కనికి ధైర్యం రాలే, ఆఖరుకు వాళ్లెంట వచ్చిన కుక్క గూడ గీత కాడనే కూసున్నది."

"అబ్బో," అన్నడు పీరయ్య.

"అబ్బో కాదు పీరయ్యా, అసలు కత ముందరున్నది. మూడో దినం హెలికాప్టర్ తెచ్చిండ్రు. కింద బోరు మిషను వేలాడుతున్నది, మొత్తం మిషను, ఇనుప గొలుసులతోని. భూమిని ముట్టకుండ గాల్లకెల్లే పొడుస్తమన్నరు. నేనేమన్న? పైకి చూడలే. కిందికి చూసిన. హెలికాప్టర్ నీడ నా పల్లి చేను మీద పడ్డది! ఏయ్, నీడ తియ్యి అన్న!"

శశాంక్‌కు నవ్వాగక పొలమారింది. మాసయ్యకు నవ్వు రాలేదు. బాట ఇయ్యనంటే నడుస్తదా సారూ అని ఇంకోసారి నోరు తెరిచిండు, సారు చెయ్యెత్తి ఆపిండు.

"నీడ ఎట్ల తీస్తం సార్ అని ఆఫీసరు ఏడుపు మొఖం పెట్టిండు. మడతపెట్టి తీస్కపో అన్న. నలుగురు కూలోళ్లు వంగి నాలుగు మూలలు పట్టిండ్రు, చాప చుట్టినట్టు చుట్టిండ్రు, లారీల ఎక్కించిండ్రు. నీడ లేని హెలికాప్టర్ సక్కగ నిలబడుతదా? తూలుకుంట పోయింది పాపం. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

ఎర్కలేదు, ఎర్కయ్యేది వద్దు, అనుకున్నడు మాసయ్య. పానం ఇసిగిపోయింది. లేచి పోదామంటే పోయి ఎవర్ని అడగాలె? పట్నంల ఆరేండ్ల నుంచి గోడలు కడుతున్నడు, ఆ గోడల ఎనుక ఉండే చదువుకున్నోళ్లల్ల పేరు పెట్టి పిలిచేటోడు ఈ సారొక్కడే. మళ్లా ఫోను.

"ఏందయ్యా! సిరా డబ్బా మూత తీసిండ్రు. ఊర్ల సగం మంది పెట్టిండ్రంట, నీదొక్కదానిదే లొల్లి అంటున్నరు. నాలుగు పేజీలున్నది. ఏం రాసున్నదంటే చెప్తలేరు. నేనేం చెయ్యాలె?"

"జర ఆగు. సారు ఒక్క నిమిషంల చెప్తడు."

"ఇప్పుడేం చెప్తున్నడు?"

మాసయ్యకు చెప్పనీకె సిగ్గయింది. "నీడ మడతపెట్టించిండంట."

అవతల కురుమమ్మ ఫోను పెట్టేసింది. ఆమె తిట్టకుంట పెట్టేస్తే తిట్టిన దానికంటే ఎక్కువని మాసయ్యకు ఎర్కే.

"సారూ, మీ కాళ్లు మొక్కుత, అవునో కాదో ఒక్క మాట చెప్పుండ్రి."

"చెప్తున్న కదనయ్యా, తొందరపడ్తె ఎట్ల? వాళ్లేం చేసిండ్రు, పక్క ఊరి నుంచి అడ్డంగ పొడిచిండ్రు, నేలకింద కెల్లి, దొంగతనంగ! నేను మంచమేసుకొని పండుకున్న, చెవుల గుర్రుమన్నది, లేచి మడిమెతోని ఒక్క తన్ను తన్నిన. బోరు కమ్మి మెడ తిరిగింది! అట్ల తిరిగింది తిరిగినట్టే ఉరుకుడు, షాద్‌నగర్ కింద కెల్లి, బషీర్‌బాగ్ కింద కెల్లి, వచ్చి వచ్చి నారాయణగూడ చౌరస్తల పైకి తేలింది. సిగ్నల్ కాడ గుంత ఉన్నదా లేదా?"

"గుంతయితే ఉన్నది," అన్నడు పీరయ్య ఉన్నదున్నట్టు. "పొద్దుగాల నా బండి దాంట్లనే పడ్డది."

"ఆఁ! ఆ గుంతల కెల్లి కంపెనీ పెద్దసారు పైకొచ్చిండు, సూటు నిండ మన్ను, రెండు చేతులల్ల ఈ గడియారం. జగన్మోహన్ గారూ, తప్పయింది, మీ టైమ్ ఖరాబు చేసినం, గిది తీసుకొని మమ్ముల ఇడిచిపెట్టుండ్రి అని రోడ్డు మీద మోకాళ్ల మీద కూసున్నడు. ట్రాఫిక్ ముషీరాబాద్ దాంక ఆగింది."

మూడోసారి ఫోను మోగింది. మాసయ్య చేతుల సిమెంటు పొరకు ఫోను తెర మీద ఏలు సక్కగ జరుగలేదు. నొక్కంగ నొక్కంగ స్పీకరే ఆన్ అయింది. కురుమమ్మ గొంతు హోటలంతా ఇనవడ్డది.

"ఏందయ్యా, నువ్వు అడిగేదేంది, ఆయన చెప్పేదేంది? గీ కంపెనీ పిలగాడు సంతకాల కాయితం సూపిస్తున్నడు. పట్నం సారే పెట్టిండు, చదువుకున్నోడు చదివే పెట్టిండు, నీకెందుకు ఫికరు అంటున్నడు. జగన్మోహన్ అంట, అందరికంటే పైన గా పేరే ఉన్నదంట. బోరు పొడిచేది గూడ ఆయన భూమిలనేనంట, మన చేన్లకెల్లి బాట గందుకేనంట!"

పీరయ్య చేతిల జల్లెడ ఆగింది.

"ఇంకొకటిను. పెట్టినోళ్లకు తలా ఒక గోడ గడియారం ఇస్తున్నరు. నేనింకా పెట్టకముందే నాకొకటి ఒళ్లె పెట్టిండ్రు. నడుమ నీలం మంట బొమ్మ ఉన్నది."

అందరు గోడ దిక్కు చూసిండ్రు. చూడంది సారొక్కడే. సాసర్ల చాయ్‌ను చూసుకుంట కూసున్నడు.

మాసయ్యకు కోపం నషాళానికెక్కింది. "సారూ, ఏంది సారూ ఇది? మీ సంతకం చూసే ఊరోళ్లు ఏలు పెడుతున్నరు! గంట నుంచి నన్ను నారాయణగూడ దాంక తిప్పితిరి గదా!"

"నువ్వాగయ్యా," అన్నది కురుమమ్మ. "ఫోను సారుకియ్యి. సారూ, దండం. నేనొక్కటే అడుగుత. గా నాలుగు పేజీలు చదివి పెట్టినవా, చదువక పెట్టినవా?"

సారు నోరు తెరిచిండు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా అనేటప్పుడు ఎట్ల తెరుస్తడో గట్లనే. మళ్లా మూసి సాసరు బల్ల మీద పెట్టిండు. గడియారం టిక్కు టిక్కుమని ఇనవడ్డది, ఇన్ని దినాలల్ల దాని సప్పుడు ఆ హోటల్ల ఇనవడుడు గదే మొదలు.

"చదువలేనమ్మా."

"జర గట్టిగ చెప్పు సారూ."

"చదువలే! జీపు మీద పెట్టి కాయితం ఇచ్చిండ్రు. కండ్లద్దాలు ఇంట్ల మర్చిపోయిన. అక్షరం ఆనలే. సార్ చదువుకున్నోళ్లు, మీకు చెప్పాల్నా అన్నరు. అంత మందిల అద్దాలు లేవని ఎట్ల చెప్పాలె?" సారు మొఖం చిన్నగయింది. "పెట్టిన. బాట నీ చేన్లకెల్లి అని గూడ అప్పుడు నాకు ఎర్క లేదు. నువ్వు పెట్టకమ్మా."

"గీ మాటకు గంట పట్టెనా?" అన్నది కురుమమ్మ. తర్వాత గొంతు పక్కకు తిప్పింది, అవతల ఎవరితోనో మాట్లాడుతున్నది. "ఇన్నవా పిలగా? ఇక్కడ గూడ స్పీకరే ఆన్ ఉన్నది. గాయన చదువలేదంట. మా బిడ్డ అంబిక కాలేజీ నుంచి పొద్దుమూకాల వస్తది, నాలుగు పేజీలు చదువుతది, అప్పుడు చెప్త. అందాక మా చేన్ల కాలు పెట్టకు. గీ గడియారం నువ్వే వాడుకో."

జీపు డోరు పడ్డ సప్పుడు, ఇంజను సప్పుడు ఫోన్ల ఇనవడ్డయ్.

"రివర్సుల పోయిందానే?" అన్నడు మాసయ్య.

"తిప్పుకొనే పోయింది. మళ్లొస్తరు. పిలువు గా సారును, వచ్చి చదువలేదని ఊర్ల చెప్పుమను. మిగిలినోళ్లన్న ఏలు పెట్టకుంట ఆగుతరు." ఫోను కట్టయింది.

పీరయ్య స్టూలెక్కి గడియారం దించిండు, పొగ మసి తువ్వాలతోని తుడిచి తెచ్చి బల్ల మీద సారు ముందట పెట్టిండు. శశాంక్ పుస్తకం సర్దుకున్నడు గాని పోలేదు.

మాసయ్య లేచిండు. అటు మాలు రాయి అయ్యే ఉంటది, మళ్లా కలపాలె. రెండడుగులు ఏసి ఎనుకకు తిరిగిండు.

"సారూ, రేపు పొద్దుగాల ఆరింటికి బస్సు. అద్దాలు మర్చిపోకుండ్రి."

"నేనొచ్చి ఊరోళ్ల ముందట ఏం చెప్పాలె మాసయ్యా?" అన్నడు సారు నెమ్మదిగ.

"ఇప్పుడు మా ఇంటిదానికి చెప్పిందే చెప్పుండ్రి. హెలికాప్టరేం వద్దు."

సారు గడియారం చంకల పెట్టుకొని, సరే అన్నట్టు తలూపిండు.