దర్జీ కుట్టిన పడవ

మా దర్జీ అబద్ధమాడడు. నిజానికి కాస్త లైనింగ్ వేస్తాడు, అంతే. ఆ లైనింగు కిందికి జారి అసలు గుడ్డ కనబడకుండా పోతే అది ఆయన తప్పా, మన చూపు తప్పా అన్నది మా వీధిలో ఇంకా తేలలేదు.

ఆ సాయంత్రం మాత్రం తేల్చుకోక తప్పని పని పడింది. టీకొట్టు అక్క కూతురికి సరస్సు అవతలి ఒడ్డున ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చేరాలి. ఆలస్యమైతే వరసలో తర్వాతి పిల్లను పిలుస్తారు. లాంచీ నడవడం లేదు. దాని ఇంజన్ని లాంచీ డ్రైవరు స్వయంగా బాగుచేశాడు, అప్పటినుంచీ నడవడం లేదు. ఇక మిగిలింది సరస్సు చుట్టూ తిరిగి తెల్లారేసరికి అవతలికి చేర్చే బస్సు. అది కొట్టుకి ఎదురుగానే ఆగి ఉంది. కండక్టరు లోపల కూర్చుని టీ తాగుతున్నాడు. గ్లాసు ఖాళీ అయితే బస్సు కదులుతుంది. అమ్మాయికేమో బస్సు పేరు చెబితేనే కడుపులో తిప్పుతుంది.

“బస్సెందుకక్కా?” అన్నాడు దర్జీ, బల్లమీద కాలు మడిచి కూర్చుంటూ. “పొద్దున్నే నా పడవెక్కిస్తే పిల్లని ఇస్త్రీ నలగకుండా అవతల దింపుతాను.”

“నీ పడవ కుళ్ళిపోయిందన్నావుగా?” అంది అక్క. కూతురి సంచి బస్సులో పెట్టాలో, కొట్లో పెట్టాలో తెలియక చంకలోనే పెట్టుకుని ఉంది.

“కుళ్ళింది, దాచుకోవడమెందుకు? పైకి చూస్తే ఫైబరు పెళ్ళికొడుకులా నిగనిగలాడుతోందక్కా. లోపలికి దిగి మడమతో ఒక్కసారి నొక్కానో లేదో, కాలు మోకాలిదాకా దిగిపోయింది. అడుగుపలక కింద చెక్క దూలాలుంటాయి చూడు, పడవకి ఎముకలంటే అవే, పైన ఫైబరు వట్టి చర్మం. ఆ చెక్కంతా టీలో ముంచిన బిస్కెట్టు! గరిటెతో తోడాను. ఇంజను తగిలించే వెనక చెక్కయితే మరీ ఘోరం, పుట్టగొడుగులు మొలిచాయి. ఒక్కోటీ ఇంతింత. మొన్న వానలకి మా ఆవిడ వాటిలో ఒకటి పట్టుకునే బజారుకెళ్ళింది.”

“అత్తయ్య గొడుగు నల్లది కదా మామయ్యా?” అంది అమ్మాయి.

“ఎండకి నల్లబడిందమ్మడూ. సరే, పడవని ఇంట్లోకి తెచ్చి, ముందుగదిలో రెండు మంచాలు జోడించి వాటిమీద పడుకోబెట్టాను. ఒకటి మా ఇనప మంచం, రెండోది మా అత్తగారిది, కాస్త వదులు.”

“మరి అత్తగారో?” అన్నాడు లాంచీ డ్రైవరు.

“కోపమొచ్చి కొడుకింటికి వెళ్ళిపోయింది బావా. నీళ్ళు తగలకముందే పడవ చేసిన మొదటి మేలది. ఇక చూడు, చొక్కా సరిచెయ్యాలంటే దర్జీ అన్నవాడు ముందేం చేస్తాడు? కుట్లన్నీ విప్పేస్తాడు. నేనూ అంతే. అడుగుపలక కోసేశాను, దూలాలన్నీ ఒక్క పూటలో పీకేశాను, వెనక చెక్క కూడా ఊడదీశాను. పడవ విప్పిన చొక్కాలా మెత్తగా పడుకుంది.”

డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు. “అన్నీ ఒకేసారి తీశావా? ఒకటి తీసి ఒకటి పెట్టాలి కదయ్యా! లేకపోతే కింద సరైన దన్నయినా పెట్టాలి. ఎముకల్లేని పడవకి ఏ మంచం మీద పడుకుంటే ఆ మంచం వంపే వస్తుంది.”

“ఇంజను బాగుచేసిన నోటితోనే చెబుతున్నావా బావా?”

డ్రైవరు మళ్ళీ గ్లాసు తీశాడు. కండక్టరు టీ సగానికి వచ్చింది.

“కొత్త దూలాలు కోయించాను. టేపు పెట్టి కొలిచాను, ఛాతీ, నడుము, పొడవు. రేపెప్పుడైనా పడవ ఒళ్ళు చేస్తే వదులు చేసుకోడానికి లోపల రెండంగుళాలు మడత కూడా వదిలాను. పైన ఫైబరు గుడ్డ పరిచి, రెసిన్ అనే జిగురులో గట్టిపడే మందు కలిపి పూశాను. ఆ మందు చుక్కల్లో వెయ్యాలట. మనది పెద్ద చెయ్యి, సీసా వంచాను. ఆ తర్వాతేమైందంటావక్కా? రెసిను సలసలా కాగింది! గదంతా పొగ. చెయ్యి పెడితే కాలిపోతోంది. నేనేమైనా భయపడ్డానా? కుట్టి పెట్టిన ప్యాంట్లన్నీ తెచ్చి పడవమీద పరిచాను. ఇస్త్రీ అయిపోయాయి! వీధంతా దుప్పట్లు పట్టుకుని వరస కట్టారు. మా ఆవిడ దానిమీదే వంట చేసింది. వారం చల్లారలేదనుకో.”

“మా ఇంట్లోవాళ్ళెవరూ రాలేదే?” అంది అక్క.

“మీరు నలిగిన బట్టలే కట్టుకుంటారు కదక్కా. ఇక బలం చూడాలి. వీధిలో పెట్టి, రోడ్డు వేసే రోలరుని పిలిచి మీదికి ఎక్కించమన్నాను.”

“ఎక్కిందా?” కండక్టరు తాగడం ఆపాడు.

“ఎక్కింది పాపం. చక్రం చపాతీలా అయిపోయింది. ఆ డ్రైవరు ఏడుస్తుంటే నేనే ఓదార్చి, దాన్ని చుట్టచుట్టి చేతికిచ్చి పంపించాను.”

మాలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వితే తగ్గిస్తాడు, తగ్గిస్తే మాకు నష్టం. అక్క మాత్రం బస్సు వంకా, కూతురి మొహం వంకా చూస్తోంది. అమ్మాయి మొహంలో ఆశ తెలిసిపోతూనే ఉంది. పడవలో ఒక గంట అంటే ఎవరికి చేదు? రెండో పక్కన రాత్రంతా బస్సు, చేతిలో వాంతి కవరు!

“ఇవన్నీ కాదు తమ్ముడూ,” అంది అక్క. “నీళ్ళమీద నడిచిందా లేదా? అది చెప్పు.”

“నడవడమేంటక్కా! నిన్న పొద్దున దించాను. ఇంజను తాడు లాగానో లేదో, ఎగిరింది! నీళ్ళు రెండుగా చీలి, మళ్ళీ కలవడం మరిచిపోయాయి. మధ్యలో అడుగు కనబడింది. చేపలు పాపం, ఇటునుంచి అటు నడిచి దాటుతున్నాయి, పిల్లచేపల్ని ముందు నడిపిస్తూ. నేను కాస్త ఆగి దారిచ్చాను. మళ్ళీ వేగం అందుకున్నానా, నా నీడ వెనకబడిపోయింది. ఇంజను చప్పుడైతే నేను దిగి, మొహం కడుక్కుని, తుడుచుకున్నాక వచ్చింది.”

“అంటే అవతలి ఒడ్డు చేరావు?”

“చేరకేం?”

“ఆసుపత్రి రేవుకి దగ్గరేనా మరి? పిల్ల ఒక్కతే నడవగలదా?”

దర్జీ మడిచిన కాలు మార్చుకున్నాడు. “అది చూసే తీరిక ఎక్కడిదక్కా! ఆ వింత ముందు ఇంకేం కనబడుతుంది? అవతలి ఊరు అచ్చం మన ఊరే! అదే రేవు, అవే మెట్లు. ఎక్కి చూస్తే టీకొట్టు. అందులో అచ్చం నీలాంటావిడే, నీలాగే గరిటె చూపించి మాట్లాడుతోంది. లాంచీ ఒకటి, అదీ నడవడం లేదు. దాని డ్రైవరు బల్లమీద, ఇదిగో, వీడి మొహమే. ఇంకా చోద్యం విను. అచ్చం మా ఆవిడలాంటి మనిషి ఎదురొచ్చి, కొత్తవాణ్ణని కూడా చూడకుండా ‘తడిబట్టలతో గడప తొక్కావంటే ఊరుకోను’ అని తిట్టిపోసింది. పరాయి ఊరి ఆడవాళ్ళతో మనకెందుకులే అని తలొంచుకుని, వాళ్ళింట్లోనే భోంచేసి, ఓ కునుకు తీసి వచ్చేశాను.”

కండక్టరు ఆఖరి గుక్క నోట్లో పెట్టుకుని మింగడం మరిచాడు.

అమ్మాయి నెమ్మదిగా అడిగింది. “మామయ్యా, అక్కడ నాలాంటి పిల్ల కూడా ఉందా?”

“ఉందమ్మడూ! ఒడ్డున బట్టలుతుకుతోంది. నన్ను చూడగానే లేచి, రెండు చేతులూ ఊపి పిలిచింది. ఎంత మర్యాదో!”

“మర్యాద కాదు మామయ్యా, అది నేనే. ‘కుడికి తిప్పు, కుడికి తిప్పు’ అని అరిచాను. నువ్వు మన రేవులో బయల్దేరి, ఎడమకి తిరిగి, తిరిగి, ఉతికిన బట్టలమీదికే తెచ్చి గుద్దావు.” ఆమె మొహంలో ఆశ మెల్లగా దిగిపోయింది. “పడవ కొత్త కదా, సరదాకి చక్కర్లు కొడుతున్నావనుకున్నాను. నువ్వు అవతలికి వెళ్తున్నావని నాకేం తెలుసు?”

కండక్టరు మింగాడు. గ్లాసు బల్లమీద పెట్టి, నోట్లో విజిలు పెట్టుకుని బస్సు వైపు నడిచాడు.

అక్క ఇంకేం ఆలోచించలేదు. సంచి కూతురి భుజానికి తగిలించింది, రెండు ఖాళీ కవర్లు చేతిలో పెట్టింది, వీపుమీద చెయ్యేసి బస్సు మెట్టెక్కించింది. అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని, అప్పుడే కళ్ళు గట్టిగా మూసుకుంది.

“అది కాదక్కా,” అన్నాడు దర్జీ వెనకే వచ్చి. “నిన్న ఎదురుగాలి...”

“నువ్వూ ఎక్కు తమ్ముడూ,” అంది అక్క. “పిల్లకి తోడుంటావు. ఒక్కసారి అవతలి ఒడ్డు చూసినట్టూ ఉంటుంది.”