ఎడమ పక్క చుక్క

కళ్యాణదుర్గం దగ్గరి పల్లెలో ఒక చీనీ తోట, అంటే బత్తాయి తోట. పొద్దున ఏడు గంటలు. యూనివర్సిటీలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఆశ్రిత, అనంతపురంలో ఉన్న తన జియాలజీ ప్రొఫెసర్ హరినాథ్‌తో ఫోనులో మాట్లాడుతోంది.

"పెట్టేయొద్దు సార్, ఒక్క నిమిషం."

"పెట్టేయలేదమ్మా. ముందు ఎవరో చెప్పు."

"ఆశ్రిత సార్. సెకండ్ ఇయర్. మూడో బెంచి, కిటికీ పక్క."

"మూడో బెంచి... ముఖం గుర్తు రావడం లేదు. ఏమమ్మా ఆదివారం పొద్దున్నే? నేనొక ఫారం నింపుతాండా, పది గంటలకల్లా పంపల్ల."

"భూగర్భ జలాల పేపరు సార్. మీరు క్లాసులో అందరికీ చదివి వినిపిచ్చినారే. ఇరవైకి పంతొమ్మిది."

"ఓ, ఆ రాత నీదా! అట్ల చెప్పల్ల కదా ముందే. ఏం రాత తల్లీ అది, అచ్చు గుద్దినట్టు. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించినానంటే..."

"సార్, మా చేన్లోకి బోరు లారీ వచ్చింది."

"మంచిదే కదా."

"యాడ తవ్వల్లో ఆ పాయింటు నేనే చూపిచ్చినా సార్."

"నువ్వా? భలే! చూడు, చదువంటే ఇదీ. ఇది నా ఫారంలో రాసుకుంటా. ఈడ ఒక గడి ఉంది, 'మీ బోధన విద్యార్థుల జీవితంలో ఎట్లా ఉపయోగపడింది' అని. పొద్దున్నుంచి దాని ముందరే కూర్చోనుండా..."

"సార్, నాకు తెలీదు."

"ఏం తెలీదు?"

"నీళ్ళు యాడుంటాయో నాకు తెలీదు సార్. పేపరు మొత్తం బట్టీ పట్టి రాసినా. మా నాయన ఆ మార్కులు చూసి నమ్మినాడు. టెంకాయ పట్టుకొని పాయింటు చెప్పేటాయన వస్తే, మా బిడ్డ చదివింది పో అని పంపిచ్చేసినాడు. పాలిచ్చే ఎనుము ఒకటే ఉంటే, దాన్నీ నిన్న సంతకు తోలినాడు."

"ఎన్నో బోరు ఇది?"

"ఐదోది. నాలుగిట్లో దుమ్మే వచ్చింది. చీనీ చెట్లు ఎనిమిదేండ్లవి సార్, ఆకు ముడుచుకుపోయింది. ఇంక పది దినాలు కూడా నిలబడవు."

"నీకు తెలీదని మీ నాయనకు చెప్పు మరి."

"చెప్పలేను సార్."

"ఏం, కొడతాడా?"

"లేదు సార్. ఊరంతా చెప్పుకున్నాడు. నాకు నోరు రాదు సార్. మీకు ఫోను చేసేదానికే రాత్రి నుంచి చూస్తాండా. మీరు చెప్పండి. మీరు చెప్తే వింటాడు. నాకు తెలీదని మాత్రం చెప్పొద్దు సార్, దండం పెడతా. నాయనా, ఇదో, మా సార్ మాట్లాడతారంట."

"ఎవురు, యూనివర్సిటీ సారా? ఇయ్యి, ఇయ్యి. నమస్తే సార్! నేను తిమ్మప్పను సార్, ఆశ్రిత వాళ్ళ నాయనను. మీ దయ సార్, పిల్లను ప్రయోజకురాల్ని చేసినారు."

"నమస్తే తిమ్మప్పా. చూడండి, మీది గ్రానైటు ప్రాంతం. పైన శిథిల శిల మందం తక్కువ. జలం పగుళ్ళలో మాత్రమే సంచరిస్తుంది. శాస్త్రీయమైన సర్వే చేయకుండా తవ్వడం మంచిది కాదు. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

"అంటే, ఈరోజు ఆపేస్తారు కదా?"

"అట్లనే సార్. మీ అంతటోళ్ళు చెప్పినాక ఇంకేముంది."

"సంతోషం."

"ఉంటా సార్. పాపా, ఇదో ఫోను. శానా మంచోడు మీ సార్. ఓ మద్దిలేటీ! లారీ ఇంకో రెండడుగులు ఎనక్కి రానీ!"

"ఆశ్రితా, చెప్పినానమ్మా. ఆపుతానన్నాడు."

"ఆపలేదు సార్. లారీకి జాకీలు దించుతాండారు."

"అదేంది! అర్థమైందని అన్నాడు కదా?"

"మేము మీ క్లాసులో అంటామే సార్, అట్ల అన్నాడు."

"ఏమన్నావు?"

"తప్పయింది సార్."

"తప్పు కాదు. మళ్ళా చెప్పు."

"మీరు పుస్తకం మూసేసి అడుగుతారు సార్, అర్థమైందా అని. కాలేదంటే మీరు మళ్ళా తెరవల్ల. నాలుగుంబావుకు మా బస్సు పోతాది. అందుకని అందరమూ అయింది సార్ అంటాం."

"అందరూనా?"

"అందరమూ సార్."

"పద్దెనిమిదేండ్లుగా చెప్తాండా ఆ పాఠం. ఈ ఫారంలో కూడా అదే రాసినా, ఇప్పుడే. 'విద్యార్థులకు అర్థమైందని ఎట్లా తెలుసుకుంటారు?' తరగతి చివర అడిగి తెలుసుకుంటాను."

"సార్, జాకీలు దించేసినారు. ఇంక పైపులు ఎత్తుతారు."

"ఎంతసేపు పడుతుంది?"

"పూజ చెయ్యల్ల కదా. పావుగంట."

"సరే. సరే. తొందరపడొద్దు... లేదు, తొందరపడు. ఏది అర్థం కాలేదో చెప్పు."

"ఏది కాలేదో తెలిస్తే అడిగేదాన్ని సార్."

"అదీ నిజమే. డైకు అంటే ఏంది, చెప్పు."

"డైక్స్ యాక్ట్ ఆజ్ బ్యారియర్స్ టు ది మూవ్‌మెంట్ ఆఫ్..."

"అది కాదు. అది నా మాట. నీ మాటల్లో చెప్పు."

"నల్లరాయి సార్. భూమిలో గోడ కట్టినట్టు నిలువునా దిగబడి ఉంటాది. మా చేను గట్టునే ఉంది ఒక వరుస. చిన్నప్పుడు దాని మీద ఎక్కి ఆడుకుంటాంటిమి."

"ఉందా! నిజంగా ఉందా మీ చేన్లో? మరి పాయింటు యాడ పెట్టినావు?"

"ఎడమ పక్క సార్."

"దేనికి ఎడమ పక్క?"

"మీరు బోర్డు మీద నిలువుగా డైకు గీసి, ఎడమ పక్క చుక్క పెట్టినారు. బోరు ఇక్కడ వేయాలి అని రాసినారు. నేను రాళ్ళ వరుస కొనలో నిలబడి, ఎడమ చేతి పక్క చూపిచ్చినా."

"ఏ కొనలో?"

"ఇంటి పక్క కొనలో."

"అవతలి కొనకు పోయి నిలబడితే?"

"ఆ కొనకు పోతే... ఎడమ చెయ్యి ఇంకో పక్కకు వస్తాది సార్."

"అయ్యో."

"సార్?"

"అది ఎడమ పక్క అని కాదు తల్లీ. మన బోర్డు కుడి పక్క పెచ్చులూడిపోయింది. సుద్దముక్క పట్టదు ఆడ. అందుకని నేను ఎప్పుడూ నీళ్ళు ఎడమ నుంచి వస్తాన్నట్టు గీస్తా. నాకు అలవాటైపోయింది."

"పెచ్చులూడినందుకా సార్?"

"ఎవరూ అడగలేదు, ఎప్పుడూ. ఒక్కరన్నా అడిగింటే..."

"..."

"ఎందుకు మాట్లాడవు?"

"ఏం లేదు సార్."

"నువ్వు అడిగినావా?"

"గుర్తులేదు సార్. పసుపు కలుపుతాండారు, నన్ను పిలుస్తారేమో..."

"ఆశ్రితా. అడిగినావా?"

"ఒకసారి సార్. జులై పదహారు. డైరీలో రాసుకున్నా. ఎప్పుడూ ఎడమ పక్కేనా సార్ అని లేచి అడిగినా."

"నేనేమన్నా?"

"వద్దులే సార్."

"చెప్పు."

"అది పరీక్షలో రాదు, కూర్చో అన్నారు సార్."

"తర్వాత?"

"కూర్చున్నా సార్."

"ఇంకెప్పుడూ..."

"లేదు సార్. వింటాండారా? టెంకాయ తీసినారు."

"వింటాండా. ఇప్పుడు నేను చెప్పను, అడుగుతా. నువ్వే చెప్పు. మీ చేన్లో వాన పడితే నీళ్ళు ఎటు నుంచి ఎటు పారతాయి?"

"కుడి నుంచి ఎడమకు. అంటే, ఇంటి పక్క నిలబడితే సార్. మీద పక్కంతా సుంకప్ప చేను, ఆడ ఎత్తు. ఆణ్ణుంచి రాళ్ళు దాటి మా చెట్లలోకి దిగుతాయి."

"భూమి లోపల కూడా ఇంచుమించు అట్లనే దిగుతాయి అనుకో. మధ్యలో గోడ ఉంది. అప్పుడు?"

"కాలవలో నీళ్ళు మళ్ళించేటప్పుడు మట్టి అడ్డం వేస్తాం సార్. అప్పుడు మీద పక్క నిలబడతాయి. కింద పక్క..."

"కింద పక్క?"

"ఎండిపోతాది. సార్... మేము కింద పక్క పెట్టినాం సార్. పాయింటు కింద పక్క ఉంది!"

"చూడు, అర్థమైంది నీకు. ఇప్పుడు అర్థమైంది! పరుగెత్తి మీ నాయనతో చెప్పు, లారీని మీద పక్కకు మార్చమను."

"మీద పక్క మాది కాదు సార్."

"ఏంది?"

"సుంకప్ప చేను సార్ అది. రాళ్ళ కాడికే మా హద్దు. మా చేను మొత్తం కింద పక్కే సార్. అంటే నాలుగు బోర్లూ అందుకేనా? ఇంక యాడ వేసినా..."

"అట్లా అనుకోవద్దు. గోడకు పగుళ్ళు ఉండొచ్చు. నీళ్ళు దాటొచ్చు. చుట్టుపక్కల బావులు చూడల్ల, మట్టం కొలవల్ల."

"మీరు చూసినారా సార్? యాడన్నా పొలంలో, డైకు పక్కన నీళ్ళు పడింది?"

"హలో? సిగ్నల్ పోతాండాదమ్మా."

"నాకు బాగా వినిపిస్తాంది సార్."

"హలో..."

"సార్, మీకు దండం పెడతా."

"చూడలేదు. బొమ్మలో చూసినా. మా సార్ బోర్డు మీద గీసినాడు, నేను నోట్సులో గీసుకున్నా. రోడ్డు పక్కన రాయి చూసినా, కారులో నుంచి. దాని మీద ఎక్కలేదు ఎప్పుడూ. నువ్వు ఎక్కి ఆడుకున్నావు. ఆ పాఠం నాకంటే నీకే ఎక్కువ తెలియాల్సింది, నేనే అడ్డం పడినా."

"ఏడుస్తాండారా సార్?"

"లేదు. లేదమ్మా. నేను వస్తా. కారు తీస్తే గంటన్నర. కొలిచేదానికి నాలుగు దినాలు కావాల. నాలుగు దినాలు ఆపమను."

"లారీ మళ్ళా నెలకు గానీ రాదంట సార్. చెట్లు ఉండవు."

"తెలుసు."

"కొలిచినాక నీళ్ళు ఉంటాయా?"

"తెలీదు. ఉన్నా ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. నాకు తెలీదు తల్లీ. కానీ ఎనుము అమ్మిన దుడ్లు దుమ్ములో పోవు. అదొక్కటే చెప్పగలను. పో, ఆపు."

"నాకు నోరు రాదు సార్."

"ఆ దినం వచ్చింది కదా, జులై పదహారు? అప్పుడు కూర్చో అనినోణ్ణే ఇప్పుడు లెయ్యమంటాండా. లే, ఆశ్రితా. ఫోను పెట్టేయొద్దు, చేతిలోనే పట్టుకో."

"ఇంజను వేసినారు సార్."

"పరుగెత్తు."

"నాయనా! నాయనా!"

"దూరం నిలబడు పాపా, కండ్లల్లో దుమ్ము పడతాది."

"ఆపమను నాయనా."

"ఏందీ? వినపళ్ళా!"

"ఆపమను! నాకు తెలీదు! పాయింటు నాకు తెలీదు నాయనా, బట్టీ పట్టి రాసినా. పంతొమ్మిదీ బట్టీనే. మనం రాళ్ళకు కింద పక్క ఉండాము. నీళ్ళు నిలబడితే సుంకప్ప పక్కే నిలబడతాయి. మా సార్ వచ్చి కొలుస్తాడంట. ఆయనకూ తెలీదంట. ఆపు నాయనా!"

"మద్దిలేటీ! ఇంజను ఆపప్పా."

"ఏందన్నా ఇది, టెంకాయ కొట్టినాక? నాకు ఇంకో రెండూర్లు పోయేది ఉండాది."

"ఆపమంటాండా కదా."

"ఆపినా, ఆపినా. మీ ఇష్టం."

"తిట్టు నాయనా."

"ఏమని తిట్టేది?"

"తెలీకుండా చూపిచ్చినా కదా."

"నీకు తెలీదని నాకు మొన్ననే తెలుసు పాపా. ఈడ అని చూపిచ్చేటప్పుడు నువ్వు నేల చూడకుండా నా మొగం చూసినావు."

"తెలిసి... తెలిసీ ఎనుమును అమ్మినావా?"

"టెంకాయ చెప్పిన చోట వేస్తి, పుల్ల చెప్పిన చోట వేస్తి. దుమ్మే వచ్చె. ఈ నేలలో తెలిసినోడు ఎవడుండాడు? ఎవురి మాట నమ్మినా ఒకటే అయినప్పుడు, నీ మాట నమ్మితే తప్పేముంది అనుకుంటి."

"నా మాట ఎందుకు నాయనా? తప్పని తెలిసినాక కూడా?"

"పద్దెనిమిదేండ్లకు ఒక్కసారి నోరు తెరిచి, నాయనా ఈడ అన్నావు. అది కాదు, పోయి కూర్చో అనుంటే, ఇప్పుడు ఇట్ల అరుచుకుంటా వచ్చుంటావా పాపా?"